స్నోడ్రాప్ మీద మనసు పడ్డవాళ్ళకి: శ్రీకాకుళం, విజయనగరం పెరళ్ళలో ఏ లిల్లీ దుంప పెట్టాలి?

మంచులోంచి లేచి తల వంచుకుని వేలాడే చిన్న తెల్లపూల వీడియోలు చూసి, "ఈ స్నోడ్రాప్స్ మన దగ్గర బతుకుతాయా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. బతకవు. కానీ ఆ పువ్వులో మీకు నచ్చింది ఏమిటో తేల్చుకుంటే, మన ఎండకీ వానకీ ఆగి దాదాపు అదే సంతోషాన్నిచ్చే దుంప మొక్కలు మనకి చాలానే ఉన్నాయి. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఒక్కదాన్ని పదిగా ఎలా చేసుకోవాలి అన్నదే ఇక్కడి సంగతి.

ముందు స్నోడ్రాప్ మాట తేల్చేద్దాం

స్నోడ్రాప్ శాస్త్రీయ నామం గాలాంథస్, ఈ జాతిలో ఇరవై దాకా రకాలున్నాయి. అందరూ చూసే మామూలు రకం గాలాంథస్ నివాలిస్. ఇవి యూరప్, టర్కీ, కాకసస్ ప్రాంతాల మొక్కలు. చలికాలంలో దుంపకి వారాల తరబడి గట్టి చలి తగిలితేనే పూకాడ సరిగ్గా లేస్తుంది. వేసవిలో ఆకు ఎండి దుంప నిద్రపోయేటప్పుడు కూడా నేల చల్లగా ఉండాలి. మనకి పుష్యమాసంలో కూడా రాత్రి చలి దుప్పటి కప్పుకునేంతే తప్ప నేల గడ్డకట్టేంత ఉండదు. రోహిణి కార్తెలో నేల మీద చెప్పులు లేకుండా నడవలేం. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఒకసారి పూయొచ్చు. మరుసటి ఏడాదికి ఆ దుంప మిగలదు. లంబసింగిలో పెడితే అని కొందరంటారు. అక్కడ రాత్రి చలి మాట నిజమే. కానీ పగటి ఎండా, వానాకాలపు తడీ ఉండనే ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో "స్నోడ్రాప్ విత్తనాలు, యాభై గింజలు" అని అమ్మేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. ఆ గింజ ఎండిపోతే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. పచ్చిగా నాటి, చలి చూపించినా పువ్వు కంటపడటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఇక నిజమైన దుంప విదేశం నుంచి తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, అవతలి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అడవి దుంపల్ని తవ్వి అమ్మేయడం మితిమీరడంతో 1990 నుంచి స్నోడ్రాప్స్ సైటిస్ కిందకి, అంటే అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం కిందకి వచ్చాయి కాబట్టి ఆ కాగితాలు కూడా ఉంటాయి. కవర్లో పెట్టి కొరియర్ చేస్తామన్నారంటే అది స్నోడ్రాప్ అయినా కాకపోవాలి, చట్టబద్ధమైనా కాకపోవాలి.

అయినా స్నోడ్రాప్ వాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. ఇంగ్లండులో 2015లో గోల్డెన్ ఫ్లీస్ అనే రకం ఒక్క దుంప 1,390 పౌండ్లకి అమ్ముడైంది. 2022లో గోల్డెన్ టియర్స్ అనే పసుపు మచ్చల రకం 1,850 పౌండ్లు పలికింది, అంటే మన లెక్కలో లక్షా ఎనభై వేల రూపాయల పైమాట. పువ్వు చిటికెన వేలంత ఉండదు. మరి అంత ధర ఎందుకంటే, ఆ దుంప పిల్లలు పెట్టడం అంత నిదానం. మామూలు స్నోడ్రాప్ గుబురుగా పెరిగి తోటంతా పాకుతుంది కాబట్టి చవక. మన లిల్లీలకీ ఇదే లెక్క. నర్సరీలో పది ఇరవై రూపాయలకి దొరికేది త్వరగా పిలకలు వేసే రకం. వందలు చెప్పేది నెమ్మదిగా పెరిగేది, లేకపోతే కొత్తగా వచ్చింది. ధర చూసి పువ్వు అందాన్ని అంచనా వేయొద్దు. చవకవి ఎక్కువ కొనండి. ఖరీదైనది ఒక్కటే కొని, పెంచుకోండి.

కొనే ముందు చూసుకోవలసినవి

మొదటిది నీరు. ఎండకంటే ముందు దీన్నే చూడాలి. నేల తడిగా ఉన్నా పెరిగేవి కొన్ని, రెండు రోజులు నీరు నిలిస్తే కుళ్ళేవి కొన్ని. విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం వైపు ఎర్ర గరప నేలల్లో నీరు దిగిపోతుంది. నరసన్నపేట, ఆమదాలవలస చుట్టూ వరి పొలాలు చదును చేసి కట్టిన ఇళ్ళ స్థలాల్లో పై మట్టి ఎర్రగా కనిపించినా అడుగున బంకమన్నే ఉంటుంది. జానెడు గొయ్యి తీసి బిందెడు నీళ్ళు పొయ్యండి. గంటలో ఇంకిపోతే మంచిది. సాయంత్రానికి కూడా నిలిచే ఉంటే మీకు దొరికే ఎంపికలు వేరు.

రెండోది ఉప్పుగాలి. భోగాపురం, కళింగపట్నం, బారువ వైపు, ఉద్దానం ఇసుక నేలల్లో సముద్రపు గాలికి ఆకు అంచులు మాడిపోని మొక్క కావాలి.

మూడోది ఎండ ఎన్ని గంటలు పడుతుంది అన్నది. నాలుగోది, పిల్ల దుంపలు పెట్టే వేగం. ఐదోది చాలామంది పట్టించుకోనిది: విషం. స్నోడ్రాప్, రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, క్రైనం, అమరిల్లిస్ అన్నీ ఒకే కుటుంబం. వీటి దుంపల్లో లైకోరిన్ అనే పదార్థం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. రెయిన్ లిల్లీ దుంప అచ్చం చిన్న ఉల్లిపాయలా ఉంటుంది. కొనుక్కొచ్చిన దుంపల్ని వంటింటి గట్టు మీద పెట్టకండి. పాకే పిల్లలు, మేకలు ఉన్న ఇళ్ళలో ఇది ముఖ్యం. దండల్లో వాడే లిల్లీ, అంటే నేల సంపెంగ, ఈ కుటుంబంలోది కాదు.

ఇవన్నీ ఒక్కచోట చూస్తే ఇలా ఉంటుంది:

| మొక్క | ఎండ | నీరు నిలిస్తే | ఉప్పుగాలి | పూసే కాలం | పిల్ల దుంపలు |
|---|---|---|---|---|---|
| రెయిన్ లిల్లీ, తెలుపు | ఎండ, కొంచెం నీడ | ఓర్చుకుంటుంది | పరవాలేదు | వానలు పడ్డప్పుడల్లా | చాలా వేగం |
| రెయిన్ లిల్లీ, హైబ్రిడ్లు | ఎండ | కుళ్ళుతుంది | పరవాలేదు | వానలు పడ్డప్పుడల్లా | నెమ్మది |
| దండల లిల్లీ | పూర్తి ఎండ | కుళ్ళుతుంది | తట్టుకోదు | నాటిన మూడు నెలల నుంచి | వేగం |
| స్పైడర్ లిల్లీ | ఎండ, సగం నీడ | బాగా ఓర్చుకుంటుంది | తట్టుకుంటుంది | వేసవి, వానాకాలం | వేగం |
| క్రైనం | ఎండ | ఓర్చుకుంటుంది | బాగా తట్టుకుంటుంది | వేసవి, వానాకాలం | నెమ్మది, గింజలతో సులువు |
| అమెజాన్ లిల్లీ | నీడ | కుళ్ళుతుంది | తట్టుకోదు | కాస్త ఎండగట్టి తడిపినప్పుడు | మధ్యస్థం |
| అమరిల్లిస్ | ఉదయపు ఎండ | కుళ్ళుతుంది | పరవాలేదు | మార్చి, ఏప్రిల్ | రకాన్ని బట్టి |

రెయిన్ లిల్లీ: మొదటి దుంప ఇదే కావాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను వేరే పేరు చెప్పను. తెల్లది, శాస్త్రీయంగా జెఫిరాంథస్ కాండిడా, సన్నటి కాడల్లాంటి ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉంటుంది. దక్షిణ అమెరికాలో రియో డి లా ప్లాటా నది ఒడ్డు తడి నేలల్లోంచి వచ్చిన మొక్క కాబట్టి మన వానాకాలం దీనికి లెక్కలేదు. మృగశిరలో మొదటి వాన గట్టిగా పడితే మూడు నాలుగు రోజులకి మొగ్గలు ఒక్కసారిగా లేస్తాయి. పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది, కానీ ఒక దాని వెనక ఒకటి వస్తుంటాయి. గులాబీ రంగు పెద్దపువ్వు కారినాటా, పసుపుది సిట్రినా. ఈ మూడూ కలిపి బాట వెంట పెడితే చూడటానికి మరేమీ అక్కర్లేదు.

కొనడంలో ఒక కిటుకుంది. స్నోడ్రాప్ పెంచేవాళ్ళు ఎండు దుంప కంటే ఆకుతో ఉన్న మొక్కనే ఇష్టపడతారు. ఎండబెట్టిన చిన్న దుంప మళ్ళీ లేవడం కష్టమని. రెయిన్ లిల్లీకీ అదే పద్ధతి మంచిది. అదీకాక వట్టి దుంప చూసి రంగు చెప్పడం ఎవరి తరమూ కాదు. కడియం నుంచి మొక్కలు వేసుకొచ్చే బండి దగ్గర "గులాబీదేనా బాబూ?" అంటే "గ్యారంటీ అమ్మా" అనే అంటాడు, పాపం ఆయనకీ తెలీదు. జులై, ఆగస్టుల్లో పువ్వుతో ఉన్న కవరు మొక్క చూసి కొంటే ఆ గొడవే లేదు. ఒక్కో కవర్లో నాలుగైదు దుంపలు కూడా ఉంటాయి. నీలం రంగు రెయిన్ లిల్లీ అని ఫోటో కనపడితే అది కంప్యూటర్లో వేసిన రంగే.

రెండు అంగుళాల లోతు, దుంపకీ దుంపకీ రెండు మూడు అంగుళాల ఎడం చాలు. ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది కాబట్టి ప్రతి ఏడాదీ తవ్వి విడదీయకండి. గుబురు మధ్యలో పువ్వులు తగ్గాయనిపించినప్పుడు, రెండు మూడేళ్ళకోసారి, ముద్దగా పెళ్ళగించి చేత్తో విడదీసి వెంటనే నాటెయ్యాలి. కుండీలో ఉంటే రెండు మూడు వారాలు నీళ్ళు బాగా తగ్గించి, ఆ తర్వాత కుండీ అడుగు నుంచి కారేదాకా ఒకేసారి తడపండి. వాన పడిందనుకుని మొగ్గ తొడుగుతుంది.

గింజల సంగతి కూడా సరదాగా ఉంటుంది. పసుపు రకం తనంతట తానే కాయ కడుతుంది. మూడు గదుల కాయ పగిలి నల్లటి పలచని గింజలు కాగితం ముక్కల్లా బయటపడతాయి. అవి రాలకముందే ఏరి, ఆ వారంలోనే తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద పరిచి, పైన పలచగా ఇసుక చల్లితే వారం నుంచి మూడు వారాల్లో గడ్డిపోచల్లా మొలుస్తాయి. దాచిపెట్టిన గింజ పనికిరాదు.

ఇక అరుదైనవి: థాయిలాండ్, ఇండోనేషియాల్లో తయారైన చారల, నారింజ, ముద్ద రేకుల హైబ్రిడ్లు. ఇవి అందంగానే ఉంటాయి, కాదనను. కానీ పిల్ల దుంపలు బాగా నిదానంగా వస్తాయి, తడి ఎక్కువైతే తట్టుకోవు. గింజ కట్టినా తల్లిలాంటి పువ్వే వస్తుందన్న నమ్మకం లేదు. వీటిని నేలలో కాక కుండీలోనే, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పెంచండి. ఒకే రకం పది కొనే డబ్బుతో ఐదు రకాలు ఒక్కొక్కటి కొని పెంచుకుంటే లాభం.

దండల లిల్లీ: వాసన కావాలా, ముద్ద పువ్వు కావాలా

పూజకి, తలలోకి, అమ్మకానికి అంటే ఇదే. మెక్సికో నుంచి వచ్చి మన పూలకొట్టులో స్థిరపడిపోయింది. ఇందులో ఒంటి రేకుల రకాలూ, ముద్ద రకాలూ అని రెండు దారులు. ఒంటి రేకులవే వాసన ఎక్కువ, దండకి పనికొచ్చేవీ అవే. ముద్దవి కాడతో కోసి బొకేలకీ, ఫ్లవర్ వాజుకీ వాడతారు. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ ఐఐహెచ్ఆర్ ఇచ్చిన వాటిలో శృంగార్, ప్రజ్వల్ ఒంటివి. సువాసిని, వైభవ్ ముద్దవి. ప్రజ్వల్ మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చుకున్నాక తెల్లబడుతుంది. శృంగార్ వేరు బుడిపెలు కలిగించే నులిపురుగుల్ని కొంత తట్టుకుంటుంది, ఇసుక నేలల్లో ఇది చిన్న సంగతేమీ కాదు. ఆకు అంచుకి బంగారు చార ఉండే స్వర్ణరేఖ లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధనా సంస్థ ఎన్‌బీఆర్ఐ రకం. అరుదైనది కావాలనుకునేవాళ్ళకి అదీ బాగుంటుంది.

దీని స్వభావం అరటి చెట్టుది. ఒక దుంప ఒక కాడ వేసి పని ముగిస్తుంది, పక్కన పుట్టిన పిల్లలు తర్వాత పూస్తాయి. అందుకే మొదటి ఏడాది పూసి రెండో ఏడాది ఖాళీగా ఉందంటే దుంప చెడిపోయిందని కాదు, పిల్లలు ఇంకా ఎదగలేదని. నాటేందుకు బొటనవేలికంటే లావు దుంపలు ఏరుకోండి. తవ్విన దుంపని నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిచ్చి నాటితే కాడ త్వరగా వేస్తుంది. దీన్ని మాత్రం ఎండు దుంపగా కొనడమే సరైన పద్ధతి. రోజుకి ఆరు గంటల ఎండ లేని చోట పెట్టడం దండగ. ఆకులు పెరుగుతాయి తప్ప కాడ రాదు. బంకమన్నులో అయితే జానెడు ఎత్తు మడి కట్టి, పశువుల గత్తం, ఇసుక కలిపి నాటాలి.

ఆదాయం కోసం అర ఎకరమో, పావు ఎకరమో వేద్దామనుకుంటే ముందు మీ దగ్గరి పూల బజారులో ఏది కొంటారో కనుక్కోండి. దండల వ్యాపారం నడిచే ఊళ్ళో ముద్ద రకం వేస్తే తెల్లారేసరికి పువ్వు మిగిలిపోతుంది.

స్పైడర్ లిల్లీ, క్రైనం: సముద్రం పక్కన ఇల్లున్నవాళ్ళకి

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ప్రభుత్వ ఆఫీసుల ముందు, రోడ్ల మధ్యలో వరసగా కనిపించే పట్టీల్లాంటి ఆకుల మొక్క స్పైడర్ లిల్లీ. పువ్వులో ఆరు సన్నటి రేకులు, వాటి మధ్య పలచటి తెల్లటి గిన్నె ఉంటుంది. సాయంత్రం వాసన వస్తుంది. క్రైనం ఆసియాటికం దానికంటే చాలా పెద్దది, నడుమెత్తు దాకా లేస్తుంది, పువ్వులో గిన్నె ఉండదు. స్పైడర్ లిల్లీ అమెరికా తీరాల మొక్క, క్రైనం మన తీరాల్లోనే పుట్టింది.

ఎంపిక సులువే. చిన్న పెరడు, గోడ వెంట వరస, నీరు నిలిచే మూల అయితే స్పైడర్ లిల్లీ. పక్కింట్లో ఉంటే కొనక్కర్లేదు, పారతో గుబురులో సగం తెగ్గొట్టి తెచ్చుకుంటే సరిపోతుంది. తెల్ల చారల ఆకుల రకం డబ్బు పెట్టి కొనదగ్గదే, కాకపోతే అందులో పూర్తిగా పచ్చటి పిలక లేస్తే వెంటనే తీసెయ్యండి, లేకపోతే అదే బలిసి చారల దాన్ని తొక్కేస్తుంది. విశాలమైన స్థలం, తీరపు ఇసుక అయితే క్రైనం. దాన్ని ఎక్కడ పెడితే అక్కడే ఉంచాలి. దుంప లోతుకి దిగాక కదిపితే అలిగి ఏడాది పాటు పువ్వు మానేస్తుంది.

క్రైనం గింజ చూశారా? నిమ్మకాయంత పచ్చటి ముద్ద, పైన గట్టి పెంకు ఉండదు. సముద్రంలో తేలి కొత్త ఒడ్డుకి చేరేలా పుట్టింది. తెచ్చి గూట్లో పెట్టి మరిచిపోయినా, నీళ్ళ చుక్క లేకుండా దానంతటదే వేరు తోసుకొస్తుంది. ఆ వేరు కిందకి ఉండేలా ఇసుక మట్టి మీద సగం పాతి వదిలేస్తే చాలు. గింజతో ఇంత తేలిగ్గా వచ్చే మొక్కని వందలు పెట్టి కొనడం ఎందుకు? ఊదా ఆకుల హైబ్రిడ్ క్రైనం అయితే వేరే మాట, దానికి పిలకలే దారి.

తుఫాన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు ఎలా కూలాయో ఉద్దానం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. దుంప మొక్కకి ఆకులు చీలికలైనా అసలు సరుకు నేలలో ఉంటుంది. చిరిగిన ఆకులు కోసేసి వదిలేస్తే మళ్ళీ లేస్తుంది. అక్టోబరు దగ్గర పడుతున్నప్పుడు కొత్తగా నాటకపోవడం మాత్రం మంచిది.

నీడ బాల్కనీకి అమెజాన్ లిల్లీ

స్నోడ్రాప్‌లో మీకు నచ్చింది ఆ తల వంపు, తెలుపులో పచ్చ ఛాయ అయితే, నా ఓటు దీనికే. శాస్త్రీయంగా యూకారిస్ అనే ఈ మొక్క పువ్వు తెల్లగా, పక్కకి వాలి ఉంటుంది, మధ్య గిన్నెలో లేత ఆకుపచ్చ ఉంటుంది, సన్నటి వాసన కూడా. ఆకులు వెడల్పుగా, ముదురు పచ్చగా, పువ్వు లేనప్పుడు కూడా చూడబుద్ధేసేలా ఉంటాయి. ఎండ తగిలితే ఆ ఆకులే మాడిపోతాయి. ఉత్తరం వైపు వరండా, అపార్ట్‌మెంట్ బాల్కనీ సరిపోతాయి.

ఒక్క దుంపని పెద్ద కుండీలో పెడితే ఆకులే పెరుగుతాయి. పది అంగుళాల కుండీలో మూడు నాలుగు దుంపలు, మెడ మట్టి పైకి కనిపించేలా పెట్టి, వేర్లు కుండీ నిండేదాకా కదపకుండా ఉంచాలి. నీళ్ళు నెల రోజుల పాటు తగ్గించి, ఆకు వాడబోతున్నట్టు అనిపించగానే మళ్ళీ మామూలుగా పొయ్యాలి, పూకాడ అప్పుడు వస్తుంది. ధర రెయిన్ లిల్లీ కంటే ఎక్కువే, మొక్కగానే కొనండి.

అమరిల్లిస్ గురించి రెండు మాటలు. పాత ఇళ్ళలో కనిపించే నారింజ రంగు రకం మన వాతావరణానికి అలవాటైపోయింది, పిలకలు కూడా బాగా వేస్తుంది. హాలండ్ నుంచి వచ్చే పెద్ద దుంపలు మొదటి ఏడాది బ్రహ్మాండంగా పూసి, వానాకాలంలో తడి ఎక్కువై కుళ్ళిపోతుంటాయి. తప్పనిసరిగా కొనాలనుకుంటే దుంపలో మూడోవంతు మట్టి పైనే ఉంచి, కుండీని వానకి తడవని చోట పెట్టండి. బంతిలా ఎర్రగా పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారి పూస్తుంది, చలికాలంలో ఆకు మాయమైపోతుంది. ఆ ఖాళీ కుండీలో నీళ్ళు పొయ్యకుండా ఉండగలిగితే కొనుక్కోండి.

ఒక్క దుంపని పదిగా చేయడం

ఖరీదైన స్నోడ్రాప్ కొన్నవాళ్ళు అది పిల్లలు పెట్టేదాకా కూర్చోరు, దుంపని కోస్తారు. అదే పద్ధతి మన దగ్గర అమరిల్లిస్‌కి బాగా పనికొస్తుంది. ముందు చవక దుంప మీద చేయి తిరగనివ్వండి.

మన దగ్గర దీనికి అనువైన కాలం నవంబరు నుంచి జనవరి. ఎండల్లో, వానల్లో ముక్కలు బూజు పడతాయి. దుంప కడిగి, వేర్లు కత్తిరించి, ఎండు పొరలు తీసేసి, పైభాగం కొంచెం కోసెయ్యండి. స్పిరిట్‌తో తుడిచిన పదునైన బ్లేడుతో పై నుంచి కిందకి నిలువునా ఎనిమిది ముక్కలు చెయ్యండి. ప్రతి ముక్కకీ అడుగున వేర్లు పుట్టే గట్టి బిళ్ళలో కొంత భాగం అంటుకుని ఉండాలి. అది లేని ముక్కకి పిల్ల రాదు. ఇంకా ఓపికుంటే ఒక్కో ముక్కలోని పొరల్ని రెండేసి చొప్పున, అడుగు బిళ్ళతో సహా, వేరుచేయొచ్చు.

ముక్కల్ని కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పొడి లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున కలిపి అరగంట నానబెట్టి, నీడలో ఆరనివ్వాలి. చేతికి గ్లౌజులు వేసుకోండి. పిండితే చుక్క కారనంత తడిగా ఉన్న వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) లేదా కోకోపీట్‌లో కలిపి జిప్ కవర్లో వేసి, చీకటి అల్మారాలో పెట్టండి. వారానికోసారి తెరిచి చూసి, మెత్తబడిన ముక్క ఏదైనా ఉంటే తీసిపారెయ్యాలి. రెండు మూడు నెలల్లో పొరల మధ్య, బిళ్ళని ఆనుకుని, బియ్యపు గింజంత తెల్లటి బొడిపె కనపడుతుంది. అదే కొత్త దుంప. ముక్కతో సహా చిన్న కుండీలోకి మార్చండి. పువ్వుకి ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది.

రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీలకి ఈ కోతలేమీ వద్దు, వాటంతటవే పెరుగుతాయి.

మరి మీకు ఏది?

డాబా మీద ఎండ మండిపోతుంటే తెల్ల, పసుపు రెయిన్ లిల్లీలు వెడల్పాటి తొట్లలో పెట్టండి. సిమెంటు నేల వేడి తగలకుండా తొట్టి కింద రెండు ఇటుకలు ఉండాలి. పల్లపు స్థలం, నీరు నిలుస్తుందంటే స్పైడర్ లిల్లీ వరస, దాని ముందు తెల్ల రెయిన్ లిల్లీ. వీటికి మించి ఏది పెట్టినా అదనపు పనే. బారువ, కళింగపట్నం వైపు ఇల్లైతే క్రైనం. దేవుడి గదిలోకి రోజూ పువ్వు కావాలంటే ప్రజ్వల్ దుంపలు ఒకేసారి నాటకుండా మూడు వారాలకోసారి కొన్ని చొప్పున నాటండి, కాడలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఊరెళ్ళిపోతూ మొక్కల్ని పట్టించుకునే తీరిక లేనివాళ్ళు అమెజాన్ లిల్లీ జోలికి పోవద్దు. సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరు చెప్పినా ఆగరు, వాళ్ళకి ఒక్క మనవి: పాంక్రేషియం లాంటి తెల్ల లిల్లీలు దక్షిణ భారతంలో సహజంగా పెరుగుతాయి, కొండ మీదో ఇసుక దిబ్బ మీదో కనిపిస్తే ఫోటో తీసుకోండి, దుంప తవ్వకండి. స్నోడ్రాప్స్‌ని సైటిస్ దాకా తీసుకెళ్ళింది ఆ తవ్వకాలే.

కొట్టులో దుంప చేతిలోకి తీసుకున్నప్పుడు సైజుకి తగ్గ బరువుండాలి. మెడ దగ్గర నొక్కితే లోపలికి దిగకూడదు. అడుగు బిళ్ళ దగ్గర బూజు, పుల్లటి వాసన ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

చివరగా పురుగు సంగతి, ఎందుకంటే ఏ లిల్లీ కొన్నా ఇది తప్పదు. వానాకాలంలో ఆకుల మీద నల్లటి ఒళ్ళు, తెల్లటి చుక్కలు, మధ్యమధ్య ఎర్ర మచ్చలున్న గొంగళిపురుగులు గుంపుగా కనిపిస్తాయి. లిల్లీ చిమ్మట పిల్లలవి. మొదట ఆకు మీద పలచటి కిటికీల్లాంటి మచ్చలు, రెండ్రోజులకి ఆకే ఉండదు, తర్వాత మెడలోకి తొలిచి దుంప దాకా పోతాయి. మందు కొనే ముందు ఉదయాన్నే ఆకు అడుగు భాగం తిప్పి చూసి, చేత్తో ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వేసెయ్యండి. నాలుగైదు కుండీలున్న ఇంటికి అదే సరిపోతుంది. తోట పెద్దదైతే వేపనూనె, లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు ద్రావణంతో కలిపి సాయంత్రం పూట కొట్టి, వారానికి మళ్ళీ ఒకసారి కొట్టాలి.